తాయారమ్మగారి తార సర్టిఫికెట్

పాలపాకెట్టు కోసం గుమ్మం దాటినా చీర మార్చాల్సిందేనా అన్న తగాదా మొదలై అప్పటికి మూడో రోజు.

తాయారమ్మగారి వాదన ప్రకారం పాలబూతు వీధి చివరే ఉంది. వీధి చివరిదాకా వెళ్ళడాన్ని లోకంలో ఎవరూ బయటికి వెళ్ళడం అనరు. కాబట్టి నిన్నటి చీర చాలు. కోడలు నీలవేణి వాదన వేరు. పాలబూతు దగ్గర ఎప్పుడూ నలుగురుంటారు. నలుగురు చేరిన చోటు బహిరంగ స్థలమేనని సర్క్యులర్ మూడో పేరాలో ఉంది. కాబట్టి నిన్నటి చీర పనికిరాదు. నీలవేణి భర్త పేర్రాజు ఇద్దరి మాటా విని, పోనీ పాలు నేనే తెస్తానన్నాడు. అది ఇద్దరికీ నచ్చలేదు. పాలతోపాటు అక్కడ దొరికే కబుర్లు తేవడం కొడుక్కి చేతకాదని తల్లి బాధ. కిందటి వారం పెరుగు పాకెట్టు తెచ్చి, రెంటికీ ధరలో పెద్ద తేడా లేదని వాదించాడని భార్య బాధ.

“కట్టిన చీర తొంభై రోజుల దాకా మళ్ళీ కట్టకూడదంటావు. నా దగ్గరున్నవి పద్దెనిమిది. పంతొమ్మిదో రోజున నన్నేం కట్టుకోమంటావే?” అని అడిగారు తాయారమ్మగారు.

“దాని సంగతి అప్పుడు చూద్దాం అత్తయ్యగారూ. ఈ పూటకి ఆకుపచ్చది కట్టుకోండి. ఇలా కూర్చోండి, జడ విప్పి మళ్ళీ వేస్తాను.”

“పాలకి జడెందుకే?”

“మీరు తార. నేను లైసెన్సున్న మనిషిని. మీ జడ వంకరగా ఉంటే నోటీసు నాకొస్తుంది.”

డెబ్భై రెండేళ్ళ తాయారమ్మగారు తార ఎలా అయ్యారో తెలియాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి.

నీలవేణి కొత్తమల్లవరంలో ఇంటి ముందుగదిలో బొటిక్ పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఆ ఊళ్ళో పెళ్ళయిన ఆడపిల్లల్లో సగం మంది ఆమె మగ్గం పని చేసిన జాకెట్టుతోనే పీటలమీద కూర్చున్నారు. కానీ ఆమె మనసు పెళ్ళిపీటల మీద లేదు. సెలబ్రిటీ స్టైలిస్టు కావాలని ఆమె కోరిక. అంటే వేదికెక్కే మనిషికి ఏ రంగు, ఏ కోత, ఏ గాజు, ఏ జడ అన్నీ తనే నిర్ణయించాలి. కార్యక్రమం అయిపోయి పేర్లు పరిగెత్తేటప్పుడు టీవీలో తన పేరు ఒక్క సెకను కనబడాలి. ఈ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు, ఎందుకంటే ఏ కార్యక్రమమైనా ఆమె చివరి పేర్ల దాకా టీవీ కట్టెయ్యనిచ్చేది కాదు.

ఆ కోరిక తీరే దారి చేపలబజారు వీధిలోంచి వచ్చింది. అక్కడ టీకొట్టు పెట్టుకున్న అప్పన్న కూతురు ధరణి, పందొమ్మిదేళ్ళ పిల్ల, టీవీ పాటల పోటీకి ఎంపికైంది. బడి వార్షికోత్సవాల రోజులనుంచీ ఆ పిల్లకి బట్టలు నీలవేణే కుడుతోంది. ధరణి గురించి టీవీ వాళ్ళకి తెలియని ఒక విషయం ఆమెకి తెలుసు. పై స్థాయికి వెళ్ళేటప్పుడు ఆ పిల్ల పక్కటెముకలు బాగా విచ్చుకుంటాయి, అందులోనూ ఎడమవైపు ఎక్కువ. అందుకని ఎడమ చంక కింద ఎవరికీ కనబడకుండా ఒక మడత దాచి కుట్టాలి. ఊపిరి తీస్తే అది తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఆ మడత లేకపోతే పాట సగంలో పిల్ల గొంతు తెగిన తీగలా అయిపోతుంది.

హైదరాబాద్‌కి నన్ను కూడా రానివ్వండని నీలవేణి టీవీ వాళ్ళకి ఫోను చేసింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడి లైసెన్సు నంబరు చెప్పమన్నారు.

ఆ లైసెన్సు అప్పుడే కొత్తగా పుట్టింది. పెట్టుబడుల సదస్సులో ఎవరో విదేశీ అతిథి కాఫీ తాగుతూ, మీ రాష్ట్రంలో సెలబ్రిటీ స్టైలిస్టులు ఎంతమంది ఉంటారని అడిగాడట. పక్కనున్న పెద్దాయన దగ్గర లెక్క లేదు. లెక్క లేదంటే మనుషులే లేరని పెద్దవాళ్ళు అనుకుంటారు. నెల తిరక్కుండా రాష్ట్ర తారాలంకరణ ప్రాధికార సంస్థ వెలిసింది. ఏడాదిలో అయిదు వేలమంది స్టైలిస్టులని తయారు చెయ్యాలని దానికి లక్ష్యం పెట్టారు. సెలబ్రిటీ అన్న మాటకి తెలుగు కావాలని ఒక కమిటీ వేస్తే, అది పదకొండు సార్లు సమావేశమై ‘తార’ అని తేల్చింది. స్టైలిస్టు ‘అలంకర్త’ అయింది. లైసెన్సు లేని అలంకర్త ఏ వేదికమీది మనిషినీ ముట్టుకోకూడదు. లైసెన్సు కావాలంటే దరఖాస్తులో ఒక తారని చూపించాలి. తార అంటే ఎవరని ప్రశ్న వస్తుందిగా, దానికీ నిబంధన ఉంది. ‘తాను నివసించు వార్డులో నూటికి ఎనభైమందికి తెలిసియున్న వ్యక్తి.’ తెలిసియున్నదీ లేనిదీ రెవెన్యూ వాళ్ళు స్వయంగా విచారించి పంచనామా రాయాలి.

నీలవేణి తార గడిలో ధరణి పేరు రాసింది. ఇంతకంటే సులువైన దరఖాస్తు ఉండదనుకుంది.

విచారణకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సూరిబాబు వచ్చాడు. చేపలబజారు మొదట్లో, రోడ్డుకి అడ్డంగా కట్టిన ఫ్లెక్సీ కింద స్కూటరు ఆపాడు. ఆ ఫ్లెక్సీ మీద రెండు నిలువుల ధరణి మైకు పట్టుకుని నవ్వుతోంది, ‘మన వీధి కోయిలకే మీ ఓటు’ అని రాసుంది. దాన్ని కట్టించింది ఆ వీధివాళ్ళే. ప్రతి శనివారం కొట్లు కట్టేసి, ఉన్న ఫోన్లన్నీ ముందేసుకుని ఓట్లు వేస్తున్నదీ వాళ్ళే.

సూరిబాబు చంకలోంచి ఫైలు తీసి, ధరణి అనే వ్యక్తి మీకు తెలుసా అని అడిగాడు.

చేతిలో ఫైలున్న మనిషి ఎవరి గురించి అడిగినా తెలియదని చెప్పడం చేపలబజారులో తాతలనాటి ఆచారం. మధ్యలో ఒకసారెవరో నిజం చెప్పబట్టి ఒక ముసలమ్మ పింఛను ఆగిపోయింది. అప్పణ్ణించీ ఆచారం ఇంకా గట్టిపడింది. అందుకని రొయ్యలమ్మే మంగాయమ్మ ఫ్లెక్సీ తాడుకి తన గొడుగు తగిలించుకుంటూ, “ఆ పేరు గల మనిషి ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదండి, ఆయ్,” అంది. ఐసు దుకాణం అతను, కోయిల అంటే పిట్టే కదండీ అన్నాడు. సూరిబాబు ముప్ఫైమందిని అడిగాడు. ముప్ఫైమందీ ఆ పిల్లకి ఏ ఆపదా రాకూడదని ముక్తకంఠంతో తెలియదన్నారు. ఆఖరికి టీకొట్టు దగ్గర ఆగితే, కన్నతండ్రి అప్పన్న కూడా, ఎందుకైనా మంచిదని, ఆ పేరు ఇదే వినడం అని చెప్పి అల్లం టీ ఇచ్చాడు.

పంచనామాలో సూరిబాబు ఇలా రాశాడు: ‘సదరు ధరణి అను వ్యక్తి స్థానికముగా ఎవ్వరికినీ తెలియదనియు, కన్నతండ్రి సైతము ఎరుగడనియు విచారణలో తేలినందున, ప్రసిద్ధి శూన్యమని నివేదించడమైనది.’

అయితే వార్డు నుంచి పన్నెండుమంది తారలని చూపించాలని అతని మీద ఒత్తిడి ఉంది. ఫైలు స్కూటరు మీద పెట్టేసి, మొహం కడుక్కుందామని మున్సిపాలిటీ కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళని, ఈ వార్డులో అందరికీ తెలిసినవాళ్ళంటూ ఎవరూ లేరామ్మా అని ఉసూరుమంటూ అడిగాడు. చేతిలో ఫైలు లేదు కాబట్టి వాళ్ళు నిజమే చెప్పారు. ఇరవై అయిదేళ్ళుగా ఆ కుళాయి దగ్గర వరస ఎవరిదో, బిందె ఎవరిదో, తప్పు ఎవరిదో తేల్చే మనిషి ఒక్కరే. ఆవిడ నోట్లో నోరు పెట్టనివాళ్ళు వార్డులో లేరు. సూరిబాబు అందరి చేతా సంతకాలు పెట్టించాడు. నూటికి నూరు శాతం ప్రసిద్ధి. నీలవేణి దరఖాస్తులో ధరణి పేరు కొట్టేసి, పైన ‘తాయారమ్మ, దరఖాస్తుదారు అత్తగారు’ అని రాసి పొట్టి సంతకం చేశాడు.

ఈ కాగితాలు నడుస్తుండగానే సెమీఫైనల్ జరిగిపోయింది. స్టూడియోలో లైసెన్సున్న అలంకర్త ఎవరో ధరణికి చేపతోకలాంటి గౌను బిగించారు. కొత్తమల్లవరం మొత్తం చూస్తుండగా రెండో చరణంలో పిల్ల గొంతు ఆగింది. కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి ఎడమపక్కకి పోనిచ్చి, ఎలాగో కిందిస్థాయిలో ముగించింది. మార్కుల్లో ఆఖరిదిగా గట్టెక్కింది. టీవీ ముందు కూర్చున్న నీలవేణి చెయ్యి కూడా ఆ పిల్ల చెయ్యితోపాటే తన ఎడమ పక్కటెముకల మీదికి వెళ్ళింది.

వారానికి లైసెన్సు వచ్చింది. హోలోగ్రాం మెరుస్తున్న తార సర్టిఫికెట్ అత్తగారికి వచ్చింది. తార ఎవరైతేనేం, లైసెన్సు లైసెన్సే కదా, ఫైనల్స్‌కి ధరణితో నేనే వెళ్ళొచ్చనుకుని నీలవేణి సంతకం పెట్టింది. లైసెన్సుతో వచ్చిన ముప్ఫై ఆరు పేజీల సర్క్యులర్ తరవాత చదివింది.

అప్పణ్ణించీ ఆ ఇంట్లో పొద్దున్న తొమ్మిదయ్యేసరికి తాయారమ్మగారు ముస్తాబై అరుగు మీద నిలబడాలి. అలంకర్త స్వయంగా ఫొటో తీసి ఫోనులో ఎక్కించాలి. ఇంటికి పది మీటర్లు దాటి తీస్తే యాప్ ఒప్పుకోదు. పద్దెనిమిది చీరలూ అయ్యాక, బొటిక్‌కి ఫాల్ కుట్టించుకోడానికి వచ్చిన చీరలే పూటకొకటి కట్టించి నీలవేణి నెట్టుకొచ్చింది. మొదటివారం యాప్ తాయారమ్మగారి మొహాన్ని గుర్తించలేదు, కళ్ళజోడు తీస్తే గుర్తించింది, కళ్ళజోడు తీస్తే ఆవిడ మెట్టుని గుర్తించలేదు. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే మనవరాలు సాహితి నాన్నమ్మని పట్టుకుని నిలబెట్టేది. ఫొటోలో ఆ పట్టుకున్న చెయ్యి పడితే ‘అనధికార హస్తం’ అని ఎర్రగీత వచ్చేది.

తాయారమ్మగారికి ఇదంతా మొదట్లో బాగానే ఉంది. సర్టిఫికెట్‌ని దేవుడి గదిలో పెట్టించారు. తారలు వంకాయలు తరగరని ఆవిడంతట ఆవిడే ఒక నిబంధన కనిపెట్టి రెండు రోజులు అమలు చేశారు. కానీ నెల తిరిగేసరికి దిగులు మొదలైంది. కుళాయి దగ్గరికి వెళ్తే అందరూ పక్కకి తప్పుకుని దండం పెడుతున్నారు. బిందె ఎవరో పట్టి ఇస్తున్నారు. “ఎదురు చెప్పే మొహం ఒక్కటి లేదే. ఎవరితో దెబ్బలాడను?” అని వాపోయారు కోడలి దగ్గర.

పేర్రాజు దిగులు వేరు. అతను విద్యుత్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా సీనియర్ అసిస్టెంటు. తల్లికే వచ్చినప్పుడు తనకెందుకు రాదని అతనూ దరఖాస్తు పెట్టాడు. వార్డులో అతన్ని అందరూ గుర్తుపట్టారు. అందరూ ఒక్కటే మాటన్నారు, తాయారమ్మగారబ్బాయా అని. ‘స్వతంత్ర ప్రసిద్ధి లేదు’ అని కాగితం వచ్చింది. అది వచ్చిన రోజు అతను భోజనం చెయ్యలేదు. ఆ సంగతి కూడా ఇంట్లో ఎవరూ గమనించకపోయేసరికి సాయంత్రం తనంతట తనే టిఫిను తిన్నాడు.

ఈలోగా ఊళ్ళో ఒక పుకారు లేచింది. తార సర్టిఫికెట్ లేనివాళ్ళకి ముందు ముందు రేషను ఉండదట. అంతే, కొత్తమల్లవరంలో ప్రసిద్ధి అంటురోగంలా పాకింది. జనం ఇప్పుడు ఫైలు చూస్తే పరిగెత్తుకొచ్చి, అవతలివాళ్ళు తమకి ప్రాణసమానంగా తెలుసని చెప్పారు. అవతలివాళ్ళు వీళ్ళ గురించి చెప్పారు. పూజారి తార అయ్యాడు. రేషను డీలరు తార అయ్యాడు. పదేళ్ళుగా మంచం దిగని ఒక తాతగారిని నలుగురూ కుర్చీతో సహా ఎత్తుకెళ్ళి తార చేసుకొచ్చారు. ప్రతి తారకీ ఒక అలంకర్త కావాలి కాబట్టి ఇస్త్రీబండి వీరన్న అలంకర్త అయ్యాడు, గొడుగులు బాగుచేసే అతను అలంకర్త అయ్యాడు. వార్డులో రెండువందల పన్నెండు ఇళ్ళుంటే నూటతొంభై ఇళ్ళలో తారలు. పొద్దున్న తొమ్మిదింటికి ఊరు మొత్తం అరుగుల మీద నిలబడి ఉండడం చూసి, అటు వెళ్ళే బస్సులవాళ్ళు జెండా వందనం అనుకుని వేగం తగ్గించేవాళ్ళు.

లక్ష్యం దాటినందుకు జిల్లా అలంకరణాధికారి గంగాధరంగారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే ఆడిట్ వాళ్ళ అభ్యంతరం కూడా వచ్చింది. తారలు ఇంతమంది ఉన్నారు సరే, వీళ్ళని చూసేవాళ్ళేరని వాళ్ళు అడిగారు. చూసేవాళ్ళు లేనిదే తార అన్న నిర్వచనం నిలబడదు. దాంతో రెండో సర్క్యులర్ వచ్చింది. ప్రతి తారకీ కనీసం ఇద్దరు నమోదిత అభిమానులుండాలి. తార అయినవాళ్ళు ఇంకొకరికి అభిమాని కాకూడదు, ప్రయోజనాల వైరుధ్యం వస్తుంది. అభిమానిగా నియమితులైనవాళ్ళు డ్యూటీకి రాకపోతే ఆ ఇంటి యజమాని వ్యాపార అనుమతులని సమీక్షిస్తారు.

వార్డులో తారలు కానివాళ్ళు, అంటే ఎవరికీ తెలియరని ప్రభుత్వం ఒకసారి తేల్చేశాక మళ్ళీ విచారణ లేనివాళ్ళు, వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. ఆ జాబితాలోంచి తాయారమ్మగారికి కేటాయించిన రెండో అభిమాని ఆవిడ కొడుకు పేర్రాజు. మొదటి అభిమాని ధరణి.

శనివారం శనివారం ఇద్దరూ గేటు బయట అరగంట నిలబడి, అభిమానం ప్రదర్శించి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. పేర్రాజు ఆఫీసు బ్యాగుతో నిలబడి వాచీ చూసుకునేవాడు. ధరణి ఊరికే నిలబడలేక గొంతు సాధన చేసుకునేది. తాయారమ్మగారు అరుగు మీంచి కాసేపు విని, ఆ రెండో మెట్టు ఇంకోసారి అను అనేవారు. అరగంట కాస్తా గంటయ్యేది. చివరికి అభిమానిని లోపలికి పిలిచి తార పెసరట్లు వేసి పెట్టేవారు. రెండో అభిమాని తన పెసరట్టు తనే వేసుకునేవాడు.

ఇలా నడుస్తుండగా నోటీసు వచ్చింది. పద్నాలుగో తారీఖున పది గంటలకి పురమందిరంలో తారల సన్మానం. తారలు, అలంకర్తలు, అభిమానులు తప్పక హాజరు కావలెను. వాయిదా పడుతూ వచ్చిన టీవీ ఫైనల్స్ కూడా హైదరాబాద్‌లో పద్నాలుగునే.

నీలవేణి ధరణిని వెంటబెట్టుకుని గంగాధరంగారి ఆఫీసుకి వెళ్ళింది. ఆయన పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు. కూర్చోమన్నారు. మొత్తం విన్నారు. విన్నాక ఫైలు తెప్పించి, విన్నదంతా అందులో లేదని చూసుకుని, అప్పుడు మాట్లాడారు.

“అభిమానం చాలా సున్నితమైన విషయమమ్మా. ఒక్కరికి మినహాయింపు ఇస్తే వ్యవస్థ మొత్తం మీద ప్రజలకి నమ్మకం పోతుంది.”

“పద్నాలుగున ఈ పిల్ల పాట రాష్ట్రమంతా చూస్తుందండి,” అంది నీలవేణి.

“రాష్ట్రం చూస్తే చూడొచ్చు. వార్డు చూడలేదు కదా. మన యూనిట్ వార్డు. కన్నతండ్రి ఎరగనన్నాడు, సంతకం ఉంది, చూడండి.”

ధరణి తల వంచుకుని చూసింది. నాన్న సంతకమే. అందులో అన్ని అక్షరాలూ వంకరగా, భయం భయంగా ఉన్నాయి.

పోనీ పిల్లని వదలండి, లైసెన్సున్న మనిషిని కాబట్టి నన్నయినా వెంట పంపండని నీలవేణి అడిగింది. ఆయన నొచ్చుకున్నారు. లైసెన్సు ఆమెదే, సందేహం లేదు. కానీ ఒక అలంకర్తకి ఒకే తార. ఒకే చెయ్యి ఇద్దరిమీద పడితే అలంకరణలో పోలికలు వస్తాయని పైవాళ్ళ అభిప్రాయం. ఆమె తార అత్తగారు. అత్తగారు బతికున్నంతకాలం ఇంకొకరి జడ ముట్టుకోవడానికి వీల్లేదు.

“మీకింకో మాట కూడా చెప్పాలి,” అంటూ ఆయన సొరుగులోంచి ఆహ్వానపత్రిక తీశారు. “తొంభై రోజుల్లో ఒక్క పునరావృతం లేని అలంకర్త జిల్లాలో మీరొక్కరే. అవార్డు మీకే. దాంతోపాటు జిల్లా శిక్షకురాలి పోస్టు. మిమ్మల్ని చూసి అయిదువందలమంది నేర్చుకుంటారు.”

బంగారు రంగు అక్షరాలతో ఉంది పత్రిక మీద: ‘ప్రముఖ సెలబ్రిటీ స్టైలిస్టు, డిజైనర్ శ్రీమతి నీలవేణి.’ పద్దెనిమిదేళ్ళలో ఆమె పేరు ముందు ఆ మాటలు ఎవరూ రాయలేదు. దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. దారిలో ఒకసారి, ఇంటికొచ్చాక రెండుసార్లు బయటికి తీసి చూసుకుంది. మూడోసారి చూస్తున్నప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది. అయినా కార్డుని మడతపెట్టలేకపోయింది.

ఆ మధ్యాహ్నం ధరణికి జాకెట్టు తొడిగి చూసింది. ఎర్రంచు నేత లంగా, తెల్ల ఓణీ, ముదురు నేరేడు రంగు జాకెట్టు. ఎడమ చంక కింద దాచిన మడత. పాడమంది. ధరణి కళ్ళు మూసుకుని, సెమీఫైనల్‌లో ఆగిపోయిన ఆ చరణమే అందుకుంది. పై స్థాయి దగ్గర నీలవేణి పాట వినలేదు, కుట్టు చూసింది. మడత మెల్లిగా విచ్చుకుంది, పాట దిగుతుంటే మెల్లిగా మూసుకుంది. దారం ఎక్కడా పట్టలేదు. పక్కగదిలో తాయారమ్మగారు విసురుకుంటున్న విసనకర్ర చప్పుడు ఆగిపోయింది.

పాట అయ్యాక ధరణి జాకెట్టు విప్పి మడిచి బల్ల మీద పెట్టింది.

“నేను ఆగిపోతాన్లే పిన్నీ. పోటీ మళ్ళీ ఏడు కూడా ఉంటాది. నాన్న కొట్టు తీసేస్తే ఉండదు.”

నీలవేణి జాకెట్టు తీసుకుని హుక్కులు సరిచూసి, గుడ్డలో చుట్టింది.

మర్నాడు, పన్నెండో తారీఖు, రోజూలాగే తొమ్మిదింటికి అత్తగారి ఫొటో తీసింది. తీశాక చెప్పులేసుకుని ఎక్కడికో వెళ్ళి ఒంటిగంటకి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, అందరికీ కంచాలు పెట్టింది. ఆదివారం కాబట్టి పేర్రాజు ఉన్నాడు, సాహితి ఉంది. తాయారమ్మగారు ఆ రోజు వంతు వంగపండు రంగు చీరలో, చెవులకి లోలాకులతో పీటమీద కూర్చున్నారు. పప్పు, దొండకాయ వేపుడు, చారు అయ్యాయి. మజ్జిగ దగ్గరికి వచ్చాక నీలవేణి గిన్నె పట్టుకుని నిలబడి, మామూలు గొంతుతో చెప్పింది.

“లైసెన్సు తిరిగిచ్చేశానండి.”

పేర్రాజు ముద్ద కంచంలో పెట్టేశాడు. తిరిగి తీసుకుంటారా అని అడిగాడు.

తీసుకోరట. ఫారంలో స్వచ్ఛందంగా అన్న గడి లేదట. లైసెన్సు ముగియడానికి ఒక్కటే కారణం అచ్చయి ఉంది, అలంకర్త మరణం. సన్మానం పనులకని ఆదివారం కూడా ఆఫీసు తెరిచి కూర్చున్న గుమాస్తా మంచివాడు, కొత్త గడి కోసం పైకి రాస్తాను, ఆరు నెలలు ఆగమన్నాడు. తనకి వ్యవధి లేదని, ఉన్న గడిలోనే టిక్కు పెట్టింది.

“సంతకం ఎవరు పెట్టారు?”

“నేనే పెట్టానండి. సాక్షి సంతకం ఆ గుమాస్తాది.”

సాహితికి నవ్వొచ్చింది గానీ నాన్నమ్మ మొహం చూసి మంచినీళ్ళు తాగింది. నీలవేణి మిగతాది కూడా చెప్పింది. అలంకర్త పోతే తార ఫైలు దానంతటదే మూసేస్తారు. తార లేకపోతే అభిమానికి డ్యూటీ ఉండదు. ధరణి నోటీసు రద్దయినట్టు స్టాంపు వేసిన కాగితం తెచ్చి అప్పన్న చేతికిచ్చి వచ్చింది.

“మీ సర్టిఫికెట్ పోయింది అత్తయ్యగారూ. మిమ్మల్ని అడక్కుండా చేశాను.”

తాయారమ్మగారు అన్నం కలుపుతూనే ఉన్నారు. చాలాసేపు కలిపారు. ఆవిడ చెవుల లోలాకులు మాత్రం కదులుతున్నాయి.

“ఏం జబ్బుతో పోయావని రాశారే?” అని అడిగారు చివరికి.

“‘అనివార్య కారణముల వల్ల’ అని రాశారండి.”

“ఊఁ. అశుభం మాట. వచ్చే శుక్రవారం తలంటు పోస్తాను, దోషం పోతుంది. మజ్జిగ పొయ్యి.”

నీలవేణి పోసింది. అవార్డు సంగతేమిటని సాహితి మెల్లిగా అడిగింది. కార్డులు పంచేశారు కాబట్టి అవార్డు ఆపరట, మరణానంతరం అని చేర్చి ఇస్తారట. అందుకోడానికి భర్త రావాలట. ముందు రెండు నిమిషాలు మౌనం కూడా ఉంటుందట.

“మీరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళండి,” అంది పేర్రాజుతో. “వేదికమీద మీ పేరు చదువుతారు.”

పేర్రాజు ఆ మాట గురించి ఆలోచనలో పడ్డాడు.

“రేపు మధ్యాహ్నం బండికి ధరణినీ అప్పన్ననీ తీసుకుని హైదరాబాద్ వెళ్తున్నాను. నన్ను స్టూడియో లోపలికి రానివ్వరు. లాడ్జిలోనే అన్నీ కట్టి, జడవేసి పంపిస్తాను. బట్టలు కట్టుకుని వచ్చిన పిల్లని గేటు దగ్గర ఆపే రూలు ఇంకా రాలేదు. పదహారున వస్తాను. పులుసు రెండు రోజులకి సరిపడా పెట్టి వెళ్తాను,” అని చెప్పి నీలవేణి తన కంచం తెచ్చుకుని కూర్చుంది.